ఆకుపచ్చ సిరాలో గడియ

మా శాఖ పని మైలురాళ్లను చూసుకోవడం. రాయి ఉన్నచోటే ఉందా, దాని మీద అంకె కనిపిస్తోందా, ఎవరైనా పెరికి తీసుకెళ్లి పెరట్లో బట్టలుతుక్కుంటున్నారా అన్న సంగతులు మేము ఫైళ్లలో రాస్తూ ఉంటాం. రాళ్లు కదలవు కాబట్టి మాకూ పెద్దగా కదలాల్సిన అవసరం ఉండేది కాదు. అంత ప్రశాంతంగా ఉన్న ఆఫీసులోకి ఇంకు పెన్ను వచ్చి పడింది.

తెచ్చినవారు మా ప్రాంతీయాధికారి వైకుంఠరావుగారు. ఆయన చెడ్డమనిషి కాదు. తోడల్లుడి కూతురి పెళ్లికని బెంగుళూరు వెళ్లారు. అక్కడ మగపెళ్లివారి విడిది పక్క హాల్లో ఎవరో ‘కలంతో కాసేపు’ అని శిక్షణ తరగతులు పెడితే, కాఫీ దొరుకుతుందేమోనని తొంగిచూశారు. అంతే. వెళ్లేటప్పుడు జేబులో మామూలు బాల్ పెన్నుతో వెళ్లిన మనిషి, వచ్చేటప్పుడు తోలుపెట్టె నిండా ఫౌంటెన్ పెన్నులు, అట్టపెట్టె నిండా రంగురంగుల సిరాబుడ్లు పట్టుకొచ్చారు. పెళ్లికూతురి పేరు అడిగితే మాత్రం తడుముకున్నారు.

వచ్చిన మర్నాడే సర్క్యులర్ వేశారు.

“ఇందుమూలముగా ఈ కార్యాలయ సిబ్బంది యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, బాల్ పెన్ను వాడకము వలన భావములు జారిపోవుచున్నవనియు, నిర్ణయములలో లోతు కొరవడుచున్నదనియు గుర్తించడమైనది. కావున ఇకపై సమస్త రాతకోతలు పాళీ గల కలముతో, ఎవరి హోదాకు తగిన రంగు సిరాతో వారు మాత్రమే జరుపవలెను. బాల్ పెన్నుతో వ్రాసినది వ్రాయనట్లే భావించబడును.”

హోదాకు తగిన రంగంటే ఏమిటో కింద వివరించారు. ఆకుపచ్చ అధికారిగారిది. అది ముందునుంచీ ఉన్న మర్యాదే కాబట్టి ఎవరూ కాదనలేదు. కుంకుమ రంగు సూపరింటెండెంటు అనంతాచార్యులుగారికి పోయింది. సీనియర్ అసిస్టెంట్లకి నేరేడు రంగు. అందులో నేనొకణ్ణి, నా పేరు పేర్రాజు. ఇలా పైనుంచి పంచుకుంటూ వచ్చేసరికి జూనియర్ అసిస్టెంట్లకి నిమ్మపండు రంగు మిగిలింది. అటెండరు లోవరాజు దగ్గరకొచ్చేసరికి బుడ్లన్నీ అయిపోయాయి.

“మరి నా రంగేదండీ?” అని అడిగాడు లోవరాజు.

“ప్రస్తుతానికి మంచినీళ్లు పోసుకో. ముఖ్యమైనది పాళీ. రంగు తర్వాత చూద్దాం” అన్నారు వైకుంఠరావుగారు.

ఆ రోజు నుంచీ హాజరుపట్టీలో లోవరాజు మంచినీళ్లతో సంతకం పెట్టి, ఆరేదాకా పక్కనే నిలబడి, ఆరిపోయాక ఆచార్యులుగారి చేత గైర్హాజరు వేయించుకునేవాడు.

దీనికి తోడు సిరావేళలని ఇంకొకటి వచ్చింది. ఆ వేళల్లో అందరూ ఫోన్లు స్టీలు డబ్బాలో పడేసి, మాట్లాడకుండా పాళీ చప్పుడు వింటూ రాసుకోవాలి. పాళీ కాగితం మీద చేసే చప్పుడు మనసుకి మంచిదట. మా వాళ్లలో సగంమందికి ఆ చప్పుడుకి నిద్రపట్టేది. మనసుకి మంచిదే మరి.

ఇదంతా ఇలా సరదాగా సాగిపోతే నాకు చెప్పడానికి కథ ఉండేది కాదు. కానీ మా ఆఫీసులో ఒక మనిషికి ఒక గడియ కావాలి.

ఆ మనిషి సువర్చలగారు, జూనియర్ అసిస్టెంటు. ఆ గడియ వరండా చివరనున్న ఆడవాళ్ల బాత్రూముది. పోయిన వానాకాలంలో తలుపు ఉబ్బి, గాలికి కొట్టుకుని, లోపలి గడియ ఊడి కిందపడింది. పడ్డదాన్ని వేలంలో అమ్మాల్సిన పాత సామానుగా నమోదు చేసి బీరువాలో భద్రపరిచాం. తలుపుకి మాత్రం ఏమీ లేకుండా పోయింది. ఆడవాళ్లలో ఇద్దరు ఒకరికొకరు కాపలా కాసుకునేవారు. సువర్చలగారికి జోడీ లేదు. అందుకని ఆవిడ లోపలికెళ్లినంతసేపూ గట్టిగా మంగళహారతి పాడేది. పాట వినిపిస్తే లోపల మనిషి ఉన్నట్టు. ఆఫీసంతా దానికి అలవాటుపడింది. ఆచార్యులుగారైతే మరీనూ. హారతి వినపడగానే చేస్తున్న పని ఆపి, రెండు చేతులూ కళ్లకద్దుకుని, లెంపలు వేసుకునేవారు.

“ఎక్కడి హారతో చూడకుండా అద్దుకుంటారేవిటండీ?” అని అడిగానొకసారి.

“హారతికి చోటేవిటయ్యా” అన్నారాయన.

ఆవిడ కొన్నాళ్లు ఓపిక పట్టి, సొంత డబ్బుతో ఒక గడియ, నాలుగు స్క్రూలు కొని తెచ్చింది. ఆచార్యులుగారు ఆపేశారు. “ప్రభుత్వ తలుపుకి ప్రైవేటు గడియ బిగించడం ఆక్రమణ కిందకొస్తుందమ్మా. రేపు మీరు బదిలీ అయితే, నా గడియ ఉందని తలుపు కూడా అడుగుతారు.”

ఆ గడియ ఆవిడ హ్యాండ్‌బ్యాగులోనే ఉండిపోయింది. ఇక లాభం లేదని ఆవిడ ఆఫీసులో నీళ్లు తాగడం మానేసింది. ఎండాకాలం కూడా. చివరికి జ్వరం తెచ్చుకుని ఆసుపత్రిలో పడింది. సెలైన్ ఎక్కించిన డాక్టరమ్మ, “మీ ఆఫీసులో నీళ్లు లేవా?” అని కసురుకుందట. “నీళ్లున్నాయండి, గడియ లేదు” అందట ఈవిడ. ఆ మాట తిరిగొచ్చాక నవ్వుతూనే చెప్పింది. నాకు మాత్రం చాలా సిగ్గేసింది.

అప్పుడామె పద్ధతి ప్రకారం అర్జీ పెట్టింది. పద్ధతి అంటే తన హోదాకు తగిన సిరాతో. తెల్లకాగితం మీద నిమ్మపండు రంగుతో రాసిన అర్జీ ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆచార్యులుగారు దాన్ని దీపానికి ఎదురుగా పట్టుకుని, తిప్పి చూసి, మళ్లీ తిప్పి చూసి, ‘ఖాళీ కాగితము సమర్పించి కార్యాలయ కాలమును వృథా చేసినందుకు సంజాయిషీ ఇవ్వవలసినది’ అని కుంకుమ రంగులో మెమో ఇచ్చారు. ఆవిడ సంజాయిషీ కూడా నిమ్మపండు రంగులోనే ఇచ్చింది. దానికి రెండో మెమో వచ్చింది.

“చూడండి పేర్రాజుగారూ, నేను నోరెత్తి చెబితే కాగితం మీద పెట్టమంటారు, కాగితం మీద పెడితే కనపడదంటారు. ఇహ పాటలోనే పెట్టి పాడనా ఏవిటి?” అంది నాతో.

నేను ఆ అర్జీని కిటికీ అద్దానికి ఆనించి, అక్షరాల మీదుగా నేరేడు రంగుతో దిద్దిపెట్టాను. అర్జీకి హోదా వచ్చింది. ఆచార్యులుగారు చదివారు. చదివి, ‘చిత్రము జతపరచబడలేదు’ అని వెనక్కి పంపారు.

ఎందుకంటే ఈలోగా రెండో సర్క్యులర్ వచ్చేసింది. ఫొటో తీయడమంటే చూడకుండా తప్పించుకోవడమేనని, ఇకపై ఏ ప్రతిపాదనకైనా ఆ వస్తువు ఎదుట కూర్చుని ఇంకు పెన్నుతో స్వహస్తాలతో గీసిన బొమ్మ ఉండాలని, కంటికి కనిపించేదే తప్ప ఊహించి ఒక్క గీత కూడా గీయరాదని అందులో ఉంది. పనులన్నీ ఆమోదించిన బొమ్మ ప్రకారమే జరగాలి.

మైలురాళ్లు కూడా బొమ్మలెక్కాయి. ఫీల్డు సిబ్బంది రోడ్ల పక్కన స్టూళ్లేసుకుని రాళ్ల ముందు కూర్చున్నారు. బొమ్మల్ని వైకుంఠరావుగారు స్వయంగా పరిశీలించేవారు. ఒక రాయి బొమ్మ చూసి చాలాసేపు తల ఊపి, “నీడ బాగా పడింది. కానీ మధ్యలో ఈ అంకె ఏవిటి? బొమ్మలో ఉన్న మౌనాన్ని చెడగొడుతోంది. తీసేయండి” అన్నారు. తీసేశారు. రంగులేసే కాంట్రాక్టరు ఆమోదించిన బొమ్మ చూసుకుని, రాయికి తెల్లసున్నం, నెత్తిన పసుపు వేసి, అంకె వేయకుండా వెళ్లిపోయాడు. ఆ రోడ్డు పొడవునా అన్ని రాళ్లూ అలాగే మౌనంగా తయారయ్యాయి. అడిగినవాళ్లకి, దూరం అనేది మనసులో ఉంటుందని జవాబు రాయమన్నారు. నేరేడు రంగులో నేనే రాశాను.

తలుపు బొమ్మ గీయడానికి ఎవరిని నియమించాలన్న ప్రశ్న వచ్చినప్పుడు వైకుంఠరావుగారు తానే పూనుకున్నారు. ఆడవాళ్ల ఇబ్బంది కదా, ఇతరులకు వదిలేయడం మర్యాద కాదన్నారు. వరండా చివర, ఆ తలుపుకి ఎదురుగా కుర్చీ వేయించుకుని, తొడ మీద అట్ట పెట్టుకుని కూర్చున్నారు. పక్కన స్టూలు మీద సిరాబుడ్లు, పాళీలు కడుక్కునే గ్లాసు. ఒక పూటలో అవుతుందనుకున్నాం. తలుపు కింద చెక్క చెమ్మకి చివికిపోయి ఉంది, ఆ చివుకుడు ఆయనకి తెగ నచ్చేసింది. చెయ్యి దూరేంత సందు అది. ఆ ఒక్క సందు గీయడానికే ఒక రోజు పట్టింది.

“పేర్రాజూ, ఈ తలుపులో ఒక నిరీక్షణ ఉందయ్యా” అన్నారు కళ్లు సగం మూసి.

“ఉందండి. సువర్చలగారు ఆ స్తంభం పక్కన నిలబడి ఉన్నారండి” అన్నాను.

“కొంచెం ఎడంగా నిలబడమను. నీడ పడుతోంది.”

ఆయన బొమ్మ పూర్తయ్యేదాకా ఆడవాళ్లు ముగ్గురూ ఎదురుగా ఉన్న సబ్ పోస్టాఫీసుకి వెళ్లొచ్చేవారు. వెళ్లినప్పుడల్లా ఊరికే రావడం బాగోదని ఒక్కొక్క కార్డు కొనేవారు. ఆ ఏడాది మా ఊరి నుంచి చుట్టాలందరికీ క్షేమసమాచారాలు బ్రహ్మాండంగా వెళ్లాయి.

మొత్తానికి తలుపు తయారైంది. అద్భుతంగా ఉంది, అబద్ధమాడకూడదు. ఇక గడియ గీయాలి. గడియ ఎక్కడ గీయాలన్నదాని మీద పెద్ద చర్చే జరిగింది.

“లోపల కదండీ ఉండాలి?” అంది సువర్చలగారు.

“లోపలికి నేను రాకూడదమ్మా. అది మర్యాద” అన్నారు వైకుంఠరావుగారు.

“మీరు రావక్కర్లేదండీ. గడియ వస్తే చాలు.”

“లోపల ఉన్నది బొమ్మలో కనిపించదు కదమ్మా. కనిపించనిదాన్ని మంజూరు చేసే అధికారం నాకు లేదు.”

ఆచార్యులుగారు ఈ మాట బాగుందని వెంటనే రాసుకున్నారు. వైకుంఠరావుగారు బీరువాలోని పాత గడియని ఎదుట పెట్టించుకుని, పెన్ను మార్చి, చక్కటి ఆకుపచ్చ సిరాతో, మెరుపుతో సహా, నీడతో సహా, కనిపించేచోట గడియ గీశారు. కనిపించేచోటంటే బయట.

వడ్రంగి ఆమోదించిన బొమ్మ పట్టుకొచ్చి, బొమ్మలో ఉన్నట్టే బయట బిగించాడు. “లోపల పెట్టవయ్యా బాబూ” అని సువర్చలగారు బతిమాలింది. “లోపల బొమ్మ లేదు కదమ్మా. నాకు బిల్లవ్వదు” అన్నాడతను. అతని మాటా సబబే.

ఇప్పుడు ఆ తలుపుకి లోపల గడియ లేదు, బయట ఉంది. గడియంటూ వచ్చాక దాన్ని వాడకపోతే ఆడిట్ అభ్యంతరం వస్తుందని ఆచార్యులుగారికి భయం పట్టుకుంది. తలుపు గడియ తీసి ఉన్నట్టు కనిపిస్తే, కుక్కలు దూరకుండా తక్షణం వేయవలసిందని లోవరాజుకి ఉత్తర్వు ఇచ్చారు. లోవరాజు ఉద్యోగంలో ఆ ఒక్క పనికే ఫలితం కంటికి కనిపిస్తుంది. అందుకని ప్రాణం పెట్టి చేసేవాడు. మొదటిరోజే సువర్చలగారు లోపలికెళ్లి, హారతి ఎత్తుకునేలోపలే వేసేశాడు. ఆవిడ హారతి అయిపోయి, మళ్లీ మొదలుపెట్టి, మంగళం కూడా పాడేసింది. ఆ రోజు ఆచార్యులుగారు కళ్లకద్దుకోలేక అలిసిపోయి, ఇవాళ ఏ పండగో చూడమని నన్ను పంచాంగం తీయమన్నారు. చివరికి పోస్టాఫీసు నుంచి తిరిగొస్తున్న మిగతా ఇద్దరూ తలుపు తీశారు.

ఆవిడ తిన్నగా వైకుంఠరావుగారి గదిలోకి వెళ్లింది. ఆయన కూడా బాధపడ్డారు, కానీ అధికారిగా బాధపడ్డారు. “గడియ లేదని మొర పెట్టుకున్నారు, ఇచ్చాం. ఇప్పుడు గడియ ఉందని మొర పెట్టుకుంటున్నారు. ప్రభుత్వం ఏ గడియని నమ్మాలమ్మా?”

“లోపలిదాన్నండి” అంది సువర్చలగారు.

కొత్త ఫైలు పెట్టమన్నారు. నిమ్మపండు రంగులో.

ఈలోపు తలుపు బొమ్మకి పేరొచ్చింది. రాజధాని నుంచి శాఖాధిపతి సంచాలకులవారే వచ్చి, మా ఆఫీసు హాల్లో సిరాచిత్రాల ప్రదర్శన ప్రారంభిస్తారని కబురొచ్చింది. హాలుకి సున్నం కొట్టించారు. గోడలనిండా అంకెల్లేని మైలురాళ్లు. నట్టనడుమ తలుపు బొమ్మ, దానికి మాత్రం బంతిపూల దండ. గుమ్మం పక్కన సన్నాయి మేళం కూర్చోబెట్టారు. వైకుంఠరావుగారు పట్టుపంచె కట్టుకొచ్చారు. సంచాలకులవారి ఎదుట తానే ఒక బొమ్మ గీసి చూపించాలని ఆయన కోరిక.

కానీ ముహూర్తానికి కాస్త ముందు, పెద్దపెన్నులో ఆకుపచ్చ సిరా నింపుతుంటే అది వాంతి చేసుకుంది. చేతులు, మీసాలు, ముక్కు అన్నీ ఆకుపచ్చయిపోయాయి. సంచాలకులవారి కారు ఊరి పొలిమేరలోకి వచ్చేసిందని ఆఫీసు ల్యాండ్‌లైనుకి ఫోనొచ్చింది. ఆయన మగవాళ్ల బాత్రూములోకి పరుగెత్తారు. అక్కడ వాష్‌బేసిన్ ఏనాడో పూడుకుపోయింది. ఆఫీసంతా పాళీలు అందులోనే కడిగింది మరి. తొట్టి అంచుదాకా ఏ రంగో చెప్పలేని నీళ్లు నిలబడి ఉన్నాయి. ఆయన అటూ ఇటూ చూశారు. వరండాలో ఎవరూ లేరు. ఆడవాళ్ల బాత్రూములో దూరి, తలుపు దగ్గరగా వేసుకున్నారు.

అటుగా లోవరాజు వచ్చాడు. గడియ తీసి ఉంది. అతను ఉత్తర్వు మీరే మనిషి కాదు.

లోపల్నుంచి వైకుంఠరావుగారు అరిచారు, తలుపు బాదారు. సన్నాయివాళ్లు అప్పుడే అందుకున్నారు, డోలు మంచి ఊపులో ఉంది. ఫోను సిరావేళ కావడంతో స్టీలు డబ్బాలో ఉంది. ఆయనకి ఒక్కటే దారి తోచింది. లోపల మనిషి ఉన్నట్టు మా ఆఫీసులో తెలిసే పద్ధతి ఒకటి ఉంది కదా. గొంతెత్తి మంగళహారతి పాడారు.

పద్ధతి చక్కగా పనిచేసింది. లోపల మనిషి ఉన్నారని అందరూ గ్రహించి, ఆ చుట్టుపక్కలకి ఎవరూ పోలేదు. ఆచార్యులుగారు చేతిలో పళ్లెం కిందపెట్టి కళ్లకద్దుకున్నారు. “సువర్చలకి జలుబు చేసినట్టుంది పాపం” అన్నారు.

పాట పనికిరాక, వైకుంఠరావుగారు జేబులో ఉన్న పెన్నులు, చేతితయారీ కాగితాల పుస్తకం తీసి, ‘నేను లోపల ఉన్నాను, తలుపు తీయండి’ అని ఆకుపచ్చ సిరాతో రాసి, కింద సందులోంచి బయటకి తోశారు. తలుపు కింద ఎప్పుడూ తడే. కాగితం బయటకొచ్చేసరికి అక్షరాలు కరిగి, పాకి, ఒకదాన్నొకటి కావలించుకున్నాయి. ఆయన ఎరుపుతో ఇంకొకటి రాశారు. ఊదాతో మరొకటి. లోవరాజు వాటిని ఏరి, అధికారిగారి పుస్తకంలోని కాగితాలని గుర్తుపట్టి, భక్తిగా ఆచార్యులుగారికి అందించాడు. ఆచార్యులుగారు వాటిని ఆరబెట్టి, అట్టకి అంటించి, తలుపు బొమ్మ పక్కనే వేలాడదీయించారు. ఆఖరి నిమిషంలో సార్ వేసిన కొత్త బొమ్మలని అందరికీ చెప్పారు.

సంచాలకులవారు వచ్చారు. మైలురాళ్ల ముందు నుంచి నడిచిపోయారు. తలుపు బొమ్మ ముందు తల ఊపారు. ఆ మూడు బొమ్మల దగ్గర మాత్రం ఆగిపోయారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

“ఇందులో ఒక జీవుడు బంధంలో పడి, విడుదల కోసం అల్లాడుతున్నాడు. చూస్తుంటే కేకలు కూడా వినిపిస్తున్నాయి” అన్నారు.

నిజంగానే వినిపిస్తున్నాయి. సన్నాయివాళ్లు కాఫీకి ఆగారు.

“ఈ చిత్రకారుడేడీ?” అన్నారు సంచాలకులవారు. ఆచార్యులుగారు నన్ను వెతకమని తరిమారు.

నేను వరండా చివరకి వెళ్లేసరికి సువర్చలగారు ఆ తలుపుకి ఎదురుగా, గోడకి చేరబడి, చేతులు కట్టుకుని నిలబడి ఉంది. తలుపుతో మాట్లాడుతోంది.

“తీస్తానండి. తీయనని ఎందుకంటాను? నా గడియ సంగతి చెప్పండి ముందు.”

“ఫైలు పెట్టండమ్మా, వెంటనే చూస్తాను” అంది తలుపు. వైకుంఠరావుగారి గొంతుతో.

“ఫైలు మీ టేబిలు మీదే ఉందండి. తెల్లగా ఉంటుంది.”

“అయితే మంజూరు. మంజూరు చేశానమ్మా, తీయండి!”

“కాగితం మీద పెట్టండి. నోటిమాట చెల్లదని మీరే కదండీ అంటారు.”

కాగితం వచ్చింది. ఆకుపచ్చ మరక. ఆవిడ దాన్ని నాకు చూపించి పక్కన పడేసింది. తర్వాత తల వెనక్కి చెయ్యి పోనిచ్చి, సిగలోంచి బాల్ పెన్ను లాగింది. సర్క్యులర్ వచ్చిన రోజు నుంచీ ఆవిడ జుట్టు ముడి అలా దాని మీదే నిలబడి ఉందని మాకెవరికీ తెలీదు. సందులోంచి లోపలికి తోసింది. లోపల ఒక మనిషి అభిమానం చంపుకుంటున్నాడని నాకు అర్థమైంది. ఆయన మీద కూడా జాలేసింది.

కాగితం వచ్చింది. తడిసింది. అక్షరం మాత్రం చెక్కు చెదరలేదు. ‘గడియ లోపల బిగించవచ్చును.’

సరిగ్గా అప్పుడే ఆచార్యులుగారు రొప్పుతూ వచ్చి కాగితం చూశారు. “బాల్ పెన్నుతో రాసిందండీ ఇది! రాయనట్టే లెక్క.”

“ఆ సర్క్యులర్ రద్దు చేస్తున్నానయ్యా!” అంది తలుపు.

“రద్దుచేయడం కూడా సిరాతోనే చేయాలి కదండీ. బాల్ పెన్నుతో చేస్తే రద్దు చేయనట్టే లెక్క.” ఆచార్యులుగారు తలుపు ముందు చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా అన్నారు. లోపల్నుంచి ఏదో మాట వినిపించింది. అది ఫైల్లో రాయదగ్గ మాట కాదు.

సువర్చలగారు హ్యాండ్‌బ్యాగు తెరిచింది. ఎన్నాళ్లనుంచో మోస్తున్న గడియ, స్క్రూలు బయటకి తీసింది.

“ఉత్తర్వులేవీ వద్దులెండి. మీరు లోపలే ఉన్నారు, గడియా లోపలే ఉండాలి. పాత బెజ్జాలు అలాగే ఉన్నాయి. మీరే బిగించేయండి” అని ఒక్కొక్కటీ సందులోంచి తోసింది.

“అది ఆక్రమణ!” అన్నారు ఆచార్యులుగారు.

“అధికారిగారు చేస్తే ఆక్రమణ కాదులెండి, తనిఖీ” అంది ఆవిడ.

“స్క్రూడ్రైవరేదమ్మా?” అంది తలుపు.

“మీ దగ్గర అన్ని పెన్నులున్నాయి కదండీ.”

తర్వాత విన్నది మేము ముగ్గురం మర్చిపోలేం. టింగుమని ఒక పాళీ వంగింది. “అయ్యో!” అన్నారాయన. ఇంకో పాళీ వంగింది. ఈసారి “అయ్యో” కొంచెం చిన్నగా వచ్చింది. ఆఖరికి పెద్దపెన్ను క్లిప్పు పనికొచ్చినట్టుంది, కిర్రు కిర్రుమని తిరగడం మొదలైంది. ఈలోగా సంచాలకులవారు కూడా జనంతో సహా వచ్చి నిలబడ్డారు. ఇది కూడా ప్రదర్శనలో భాగమేననుకుని, ఎవరూ మాట్లాడవద్దని వేలితో సైగ చేశారు.

చప్పుడు ఆగింది. “అయిందమ్మా” అన్నారు వైకుంఠరావుగారు నీరసంగా.

సువర్చలగారు బయటి గడియ తీసింది. తలుపు నెట్టింది. రాలేదు. మళ్లీ నెట్టింది. రాలేదు.

“సార్?” అంది.

“ఒక్క నిమిషం అమ్మా. వేసుకుని చూస్తున్నాను.” లోపల్నుంచి పెద్ద నిట్టూర్పు వినిపించింది. అందులో దిగులు లేదు. “గడియ ఉంటే ఎంత హాయిగా ఉంటుందమ్మా!”

“అవునండి” అంది సువర్చలగారు. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎవరూ చూడకుండా పమిట చెంగుతో తుడుచుకుంది.

కాసేపటికి ఆయన తలుపు తీసుకుని ఆకుపచ్చ మీసాలతో బయటకొచ్చారు. సంచాలకులవారు చప్పట్లు కొట్టారు. ఆ మూడు బొమ్మలూ రాజధానికి పట్టుకెళ్లి తన గదిలో పెట్టుకున్నారు. వాటిలో ఏముందో ఇప్పటికీ ఆయనకెవరూ చెప్పలేదు.

వంగిన పాళీలతో రాయడం కుదరక సర్క్యులర్ దానంతటదే నిద్రపోయింది. బాల్ పెన్నులు తిరిగొచ్చాయి, రాళ్ల మీదకి అంకెలు తిరిగొచ్చాయి. లోవరాజు మొదటిసారి కనిపించేలా సంతకం పెట్టి, దాన్ని నలుగురికీ చూపించి మరీ వచ్చాడు. సువర్చలగారి టేబిలు మీదకి మంచినీళ్ల సీసా వచ్చింది, పెద్దదే. హారతి ఆగిపోయిందని ఆచార్యులుగారు ఒక్కరే కొంచెం వెలితిగా ఉన్నారు.

బయటి గడియ మాత్రం అలాగే ఉంది, లోవరాజు ఇప్పుడు తలుపు నెట్టి చూశాకే వేస్తున్నాడు. ఆమోదించిన బొమ్మ ప్రకారం బిగించినదాన్ని తీయాలంటే, గడియ లేని తలుపు బొమ్మ గీసి ఆమోదం తెచ్చుకోవాలి. ఆ పనికి ఎవరూ పూనుకోలేదు. ఇప్పటికీ మా ఆఫీసులో ఏ అధికారికైనా కొత్త ఉత్సాహం పుట్టి సర్క్యులర్ వేయబోతే, ముందొకసారి సువర్చలగారి వైపు చూస్తారు. ఆవిడ నీళ్లు రెండు గుక్కలు తాగి, వరండా చివరకేసి చూస్తుంది.